గుల్-ఎ-ఖైరూకు తోడు

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్న పెద్దల మాట మా ఇంట తలక్రిందులైంది. వైద్యానికి పనికివచ్చే పువ్వు మా అంగడిలో నలభై సంవత్సరాలు ఉంది. పెరటిలో మాత్రం లేదు. దానిని పెరటికి తెచ్చుకొనే ప్రయత్నంలో నేను చేసిన పొరపాటూ, దానిని దిద్దుకొన్న తీరూ ఈ వ్యాసానికి విషయం. వార్షిక సంచికకు సాహిత్య సంబంధమైన వ్యాసం ఒకటి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. ప్రబంధాలలోని ఉద్యానవన వర్ణనలను గురించి తరగతిలో ఏటా చెబుతూనే ఉన్నాను. ఆ వర్ణనలలో వచ్చే పూలలో కొన్నింటిని మా విద్యార్థులు చూడలేదు, నిజం చెప్పవలసివస్తే నేనూ చూడలేదు. అందుచేత ఈసారి కంటితో చూసిన పువ్వును గురించి రాయడమే మర్యాద అనిపించింది.

మా తండ్రిగారికి మదనపల్లెలో ఒక చిన్న మూలికల అంగడి ఉండేది. మేము ఆయనను అబ్బాజాన్ అని పిలిచేవాళ్లం. యునానీ హకీములు చీటీ రాసి పంపితే దినుసులు తూచి, పొట్లాలు కట్టి ఇవ్వడం ఆయన వృత్తి. ఉన్నాబ్, సపిస్తాన్, బనఫ్షా, గావ్‌జబాన్, ఖుబ్బాజీ, ఖత్మీ - దగ్గుకు, పడిసానికి, గొంతునొప్పికి కాచుకొనే జోషాందా కషాయానికి కావలసినవన్నీ చెక్క అరలలో వరుసగా ఉండేవి. ప్రతి అరమీదా రెండు పేర్లు. ఉర్దూ అక్షరాలు అబ్బాజాన్ చేతివ్రాత. వాటి క్రింది తెలుగు అక్షరాలు నావి. ఏడవ తరగతిలో ఉండగా ఒక వేసవి సెలవులన్నీ ఆ పనికే వెచ్చించాను. తెలుగు ఎం.ఏ. పట్టా కంటె ముందు నాకు లభించిన ఉద్యోగం అదే అని అబ్బాజాన్ అందరితో అనేవారు.

ఆ అరలలో ఒకదానిపై 'గుల్-ఎ-ఖైరూ' అని ఉండేది. లోపల ఎండి ముడుతలు పడిన ఊదారంగు పూలు. అవి ఉత్తరదేశం నుండి గోనె సంచులలో వచ్చేవి. ఒక పూరేకును నీటిలో వేస్తే కొంతసేపటికి నీరు జిగురుగా మారుతుంది. సరుకు మంచిదా కాదా అని అబ్బాజాన్ ఆ జిగురును బట్టే నిర్ణయించేవారు. ఆ పువ్వు చెట్టున ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో, ఆ చెట్టు ఎత్తెంతో, ఆకు ఏ రీతిదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

2020 జనవరిలో విద్యార్థులను వెంటబెట్టుకొని బెంగళూరు విహారయాత్రకు వెళ్లాను. లాల్‌బాగ్‌లో గణతంత్ర దినోత్సవ పుష్పప్రదర్శన జరుగుతున్నది. 1760లో హైదర్ అలీ నాటించడం మొదలుపెట్టిన తోట అది. ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ పారశీకం, కాబూల్ మొదలైన దేశాల నుండి విత్తనాలు తెప్పించి దానిని పెంచాడు. అక్కడ ఒక గోడ ప్రక్కన మనిషి ఎత్తు మొక్కలు నిలువుగా నిలబడి ఉన్నాయి. కొమ్మలు లేవు. ఒకే కాడ, ఆ కాడకు క్రింది నుండి పైదాకా మందారపు పూల వంటి పూలు, తెలుపు, గులాబి, ముదురు ఎరుపు. పేరుపలకపై హాలీహాక్ అనీ, దాని క్రింద ఆల్సియా రోజియా అనీ ఉంది. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు అది. తరువాతి పండితులు ఆల్థియా రోజియా అని మార్చారు. నేటివారు తిరిగి మొదటి పేరునే వాడుతున్నారు. యునానీ పుస్తకాలలో గుల్-ఎ-ఖైరూకు ఎదురుగా నేను చదివినది ఆ నడిమి పేరు. ఒక ఛాయాచిత్రం తీసుకొని, అంగడిలో ఒక విత్తన పొట్లం కొనుక్కొని ఇల్లు చేరాను.

ఆ రాత్రి అబ్బాజాన్ కళ్లజోడు తుడుచుకొని ఆ బొమ్మను చాలాసేపు చూశారు. "ఇదేనా! నలభై ఏళ్లు అమ్మాను, దీని ముఖం ఎరుగను" అన్నారు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. అయినా అది నాకు ఒక అప్పు వలె తోచింది.

ఆ సంవత్సరపు ఉపద్రవాలలో విత్తనపు పొట్లం బీరువాలోనే ఉండిపోయింది. 2021 వేసవి తరువాత ఆయన అంగడికి వెళ్లలేని స్థితికి వచ్చారు. మంచం పెరటి వసారాలోకి మారింది. అప్పుడు ఆ పొట్లం జ్ఞాపకం వచ్చింది.

మా పెరడు పెద్దదేమీ కాదు. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఉత్తరాన గోడ. ఆ నేల మీద సర్వాధికారాలూ మా అమ్మీవి. గోంగూర, బెండ, పుదీన, కొత్తిమీర, రెండు టమాటా మొక్కలు ఆమె సంసారం. హాలీహాక్ మందార కుటుంబానికి చెందినదనీ, బెండ, గోగు, పత్తి కూడా ఆ కుటుంబానివేననీ నేను చదువుకొన్నాను. చదవనక్కరలేదు కూడా, బెండపూవును, మందారాన్ని, దీనిని ప్రక్కప్రక్కన పెట్టి మధ్యనున్న కేసరాల దండను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చుట్టాల మధ్య ఉంటే కొత్త మొక్కకు కుదురు చిక్కుతుందని తలచి, ఆ అక్టోబరులో గోంగూర వరుసకూ బెండ వరుసకూ నడుమ పన్నెండు గింజలు నాటాను. నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను.

అమ్మీ చూసి, "కొత్త కోడలిని తీసుకొచ్చి ఆడబిడ్డల మధ్య కూర్చోబెట్టినావు" అన్నది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండవలసింది.

ఆ నవంబరులో రాయలసీమలో కురిసిన వానలు ఎవరూ మరచిపోరు. మొక్కలు వానకు తట్టుకొన్నాయి. ఆపద తరువాత వచ్చింది. డిసెంబరులో ఎండ కాసి నేల ఆరిన కొద్దిరోజులకు బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారాయి. బెండ పండించే ఊళ్లలో దీనిని పల్లాకు తెగులు అంటారు. ఆకు తిప్పి చూస్తే క్రింద పిండి చల్లినట్లు తెల్లదోమ. మరి రెండు వారాలకు హాలీహాక్ లేత ఆకులలోనూ అదే పసుపు కనబడింది. వేపనూనె చల్లాను, అప్పటికే ఆలస్యమైంది. ఆ తెగులును కలిగించేది సూక్ష్మమైన వైరస్. అది మొక్కలో ప్రవేశించిన తరువాత మందు లేదు, పెరికివేయడం ఒక్కటే మార్గం. పదకొండు మొక్కలు పెరికాను. పన్నెండవది గిడసబారి నిలిచింది గాని, దాని క్రింది ఆకుల అడుగున ఇటుకరంగు బొబ్బలు లేచాయి. అది తుప్పు తెగులు, ఈ జాతికి పాత శత్రువు. దక్షిణ అమెరికా నుండి బయలుదేరి 1870 ప్రాంతాలలో ఐరోపా తోటలలోని హాలీహాక్‌లను ఊచకోత కోసింది. నీటి చుక్కలు క్రింది ఆకు నుండి పై ఆకుకు చిందినప్పుడు దానితోపాటు ప్రాకుతుంది. నేను గొట్టంతో పైనుండి నీళ్లు పోసేవాడిని.

వసారాలోని మంచం మీదనుండి అబ్బాజాన్ ప్రతి ఉదయం "మొగ్గ వచ్చిందా?" అని అడిగేవారు. జనవరి నెలాఖరు నుండి ఆ ప్రశ్న మానివేశారు. పెరికిన గుంటలు ఆయనకు కనబడుతూనే ఉన్నాయి. కోపగించుకొని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మా వీధిలోనే ఒక టమాటా రైతు ఉన్నాడు. మదనపల్లె టమాటా అంగడి ఎంత పెద్దదో మీకు చెప్పనక్కరలేదు; ఆయన జీవితమంతా దానితోనే ముడివడి ఉంది. ఒకనాడు నా పెరడు చూసి, "సార్, తెల్లదోమకు మీరే ఇల్లు కట్టించినారు" అన్నాడు. తరువాత వివరంగా చెప్పాడు. బెండకు పట్టే దోమ దాని చుట్టాలన్నింటికీ పడుతుంది. ఒక మొక్క రసం పీల్చి రెండవదానిపై వాలినప్పుడు రోగం చేరవేస్తుంది. గోడ అవతల ఎవరూ నాటకుండా మొలిచిన తుత్తురు బెండ ఉన్నదే, అదీ ఆ వంశమే. "మరి టమాటా వేరే జాతి కదా అన్నా, దానిని ఉంచవచ్చునా?" అని అడిగాను. "జాతి వేరైనా దోమ ఒకటే సార్. దానికి ఆకుముడత తెచ్చేదీ తెల్లదోమే" అన్నాడు. నా పుస్తకజ్ఞానంలో అప్పటివరకు లేని విషయం ఇది. ఒక్క కుటుంబం కాకపోతే చాలదు. ఉమ్మడి శత్రువు కూడా ఉండరాదు.

ఆయన పొలంలో పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి ఉంటుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు నేర్పిన పద్ధతి అది. కాయతొలిచే పురుగు తల్లి టమాటాను వదలి బంతిపూలపై గుడ్లు పెడుతుంది. ఇది విని నేను బంతి సర్వరోగ నివారిణి అనుకోబోయాను. ఆయనే వారించాడు. తెల్లదోమకు బంతి ఒక్కటే చాలదు. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి, అంతవరకే. బంతిని గురించి ఇంతకు మించిన ప్రతాపాలు చెప్పేవారిని మీరు నమ్మవద్దు.

ఆ వేసవిలో ఇంగ్లీషు తోటపని పుస్తకాలు కొన్ని తిరగవేశాను. హాలీహాక్‌కు తోడుగా డెల్ఫీనియం, ఫాక్స్‌గ్లవ్, లావెండర్ నాటమని అన్నీ ఏకకంఠంగా చెబుతున్నాయి. చల్లని దేశంలో హాలీహాక్ మొదటి ఏడు ఆకు వేసి, రెండవ ఏడు పూస్తుంది. మన దగ్గర వర్షాకాలం చివర విత్తి, చలికాలంలో పెంచి, వేసవి ముదరకముందే పూయించుకోవలసిన మొక్క. దానికి తోడు నిలిచేవి కూడా ఆ ఆరు నెలల కాపురానికి సిద్ధపడినవై ఉండాలి. ఏడు వందల మీటర్ల ఎత్తున ఉండడం చేత మా ఊరికి ఆ చలి కొంత దక్కుతుంది. ఫాక్స్‌గ్లవ్‌కు సరిపోయే చలి మాత్రం కాదు.

2022 అక్టోబరులో మళ్లీ ప్రారంభించాను. అమ్మీ అంగీకారం లేనిదే ఏదీ జరగదు కనుక ముందు ఆమెతో సంధి చేసుకొన్నాను. ఆ ఋతువుకు బెండ మానివేయాలి. గోంగూరను ఇంటిముందు పాత డబ్బాలలోకి మార్చాలి. "పువ్వును కూర వండుకుంటామా?" అని ఆమె ఒక పూట వాదించింది. వసారా వైపు ఒకసారి చూసి మరునాడు తానే గోంగూరను పెరికి డబ్బాలలో నాటింది. టమాటా మొక్కల మాట నేను ఎత్తకముందే అవి మాయమయ్యాయి. గోడ అవతలి తుత్తురు బెండను నేను తీసివేశాను.

హాలీహాక్‌ను ఉత్తరపు గోడ వెంట, రెండేసి అడుగుల ఎడంతో పెట్టాను. చలికాలపు సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి పొడుగు మొక్క ఉత్తరాన ఉంటే దాని నీడ పొట్టివాటి మీద పడదు. గోడ గాలినుండి కాపాడుతుంది. అయినా ప్రతి మొక్కకూ ఒక కందికట్టె ఊతంగా నాటాను. దాని వేరు బొండువేరు, లోతుగా దిగుతుంది. పెరిగిన తరువాత పెకలించి వేరొకచోట నాటితే బ్రతకదు. కనుక గింజను దాని స్థానంలోనే విత్తాలి.

ఇక దాని పాదాల దగ్గర ఎవరుండాలి? ఈ మొక్కకు ఒక లోపం ఉంది. పూత పైకి ప్రాకే కాలానికి క్రింది ఆకులు పండి, చిల్లులు పడి, రాలిపోతాయి. పైన పెళ్లికూతురు, క్రింద చింపిరి పాదాలు. ఆ పాదాలను కప్పేది ఒకటి కావాలి. అయితే మరీ దగ్గరగా క్రమ్మితే గాలి ఆడక తేమ నిలిచి తుప్పు తెగులు ప్రాకుతుంది. కప్పాలి, ఊపిరి ఆడనివ్వాలి. ఈ రెండూ తెలిసిన తోడు దొరకడం మొక్కలలోనూ సులభం కాదు.

ఇక్కడ పుస్తకాలు కాదు, అమ్మీ దారి చూపింది. "అది లేచేదాకా నేలంతా ఖాళీగా ఎందుకు? మెంతులు, కొత్తిమీర చల్లు. అది పెద్దదయ్యేలోగా మనం తినేస్తాం" అన్నది. తోడు అనగా స్థలంలో పంచుకోవడమే అని నేను తలచాను; కాలంలో కూడా పంచుకోవచ్చునని ఆమె చెప్పింది. మెంతి, కొత్తిమీర వేళ్లు పైపైన ఉంటాయి. బొండువేరు దిగే లోతుకు అవి పోవు, పోటీ లేదు. నెలా నెలన్నరలో మెంతికూర పప్పులోకి వెళ్లింది. కొత్తిమీరలో ఒక వరుసను కోయకుండా పూతకు వదిలాము. ఆ చిన్న తెల్లపూల కోసం అక్షింతల పురుగులు వచ్చాయి. హాలీహాక్ చిగుళ్లపై పేనుబంక కనబడిన వారంలోనే వాటి పిల్లపురుగులు దానిని శుభ్రం చేశాయి. పైసా ఖర్చు లేని సేవకులు!

ముందు వరుసలో చామంతి, బంతి. ఇందులో మరల ఒక తప్పు చేశాను. పెద్దబంతి నారు పోశాను. అది మూడడుగులు లేచి హాలీహాక్ నడుముపై వాలింది. మొక్క విడిచి మొక్క పెరికివేయవలసి వచ్చింది. పొట్టిబంతి అయితే అడుగెత్తు దాటదు, కాండానికి అడుగు దూరంలో నాటితే పాదాలు కప్పి గాలికి దారి వదులుతుంది. చామంతి మాత్రం నన్ను ఏ విధంగానూ ఇబ్బంది పెట్టలేదు. డిసెంబరులో హాలీహాక్ ఇంకా ఆకుల దశలో ఉండగానే పూసి, వసారా నుండి చూసేవారికి ఎదురుచూపు తెలియకుండా చేసింది. నీళ్లు ఈసారి చెంబుతో మొదట్లోనే పోశాను.

2023 ఫిబ్రవరి రెండవ వారంలో మొదటి పువ్వు విచ్చింది. ముదురు ఊదారంగు. పొట్లంలో ఆ రంగు ఒక్కటే వచ్చింది, మిగిలినవన్నీ గులాబి, తెలుపు. అబ్బాజాన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ అమ్మీ పెరటిలోకి తీసుకొని వచ్చాము. ఆయన చూపు అప్పటికి మందగించింది. పువ్వు ముందు కొంతసేపు కూర్చొన్నారు. నేను ఏదో గొప్ప మాట వస్తుందని ఎదురుచూశాను. ఆయన ఒక పూరేకును త్రుంచి, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ నలిపి, జిగురు తీగసాగేదాకా వ్రేళ్లు విడదీసి చూసి, "అసలు సరుకే" అన్నారు. తరువాత, "ఎండితే ఎంత తూగుతుంది?" అని అడిగారు.

ఆ నెలంతా రాలబోయే పూలను ఏరి నీడలో ఆరబెట్టడం అమ్మీ పని. అన్నీ కలిసి ఒక చిన్న పొట్లమైంది. అబ్బాజాన్ దానిని అంగడి త్రాసు తెప్పించి తూయించారు. లెక్క నాకు చెప్పలేదు. అమ్మీ దగ్గినప్పుడు ఆ పూలతో జోషాందా కాచారు. "ఇన్నాళ్లకు గోంగూర బాకీ తీరింది" అని ఆమె అన్నది.

ఆ ఎండాకాలం ఆయన దాటలేదు.

తరువాతి రోజులలో నాకు నిద్రపట్టనప్పుడు ఈ పువ్వును గురించి చదివేవాడిని. ఇరాక్ దేశపు కుర్దు కొండలలో శానిదార్ అనే గుహ ఉంది. 1950 దశకంలో రాల్ఫ్ సోలెకీ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ త్రవ్వకాలు జరిపి నియాండర్తల్ మానవుల అస్థిపంజరాలు కనుగొన్నాడు. ఒకదాని చుట్టూ ఉన్న మట్టిలో పలురకాల పూల పుప్పొడి ముద్దలుగా కనబడింది. అందులో హాలీహాక్ జాతిది ఒకటి. దానికి తోడుగా యారో, కార్న్‌ఫ్లవర్ వంటి అడవిపూలు. మృతుని పూల మీద పడుకోబెట్టారని ఆయన భావించాడు. నేలలో గూళ్లు చేసుకొనే తేనెటీగలు ఆ పుప్పొడిని చేర్చి ఉండవచ్చునని ఇటీవలివారు అంటున్నారు. నాకు రెండూ సమ్మతమే. అబ్బాజాన్ సమాధిపై మేము గులాబీ రేకులు చల్లాము. గుల్-ఎ-ఖైరూ చల్లాలన్న తలపు రాకపోలేదు గాని, మందు సరుకు వృథా చేయరాదని ఆయనే కోపగించుకొని ఉండేవారు.

పూలు వాడిన చోట చిల్లర కాసులను గుండ్రంగా పేర్చినట్లు గింజలు ఏర్పడతాయి. వాటిని ఎండబెట్టి, అంగడి నుండి తెచ్చుకొన్న ఆ పాత అరలోనే ఉంచాను, రెండు చేతివ్రాతల క్రింద. ప్రతి అక్టోబరుకూ అందులోనుండి తీసి విత్తుతున్నాను. ఊదారంగు పువ్వు గింజలు విడిగా ఉంచాను; వాటి సంతానం అన్నీ ఊదావి కావు, తేనెటీగలు మా ఇష్టం అడిగి పని చేయవు.

ఈ సంవత్సరం మన కళాశాల ఉత్తరపు ప్రహరీ వెంట ఇరవై అడుగుల నేలను కమిటీ పెద్దలు దయతో అనుమతించారు. ఉర్దూ శాఖ వారూ తెలుగు శాఖ వారూ కలిసి మడి కట్టారు. గింజలు నావి. ఆ మూలన కుళాయి లేదు; నీరు మొదట్లోనే పోయాలి కనుక గొట్టం కంటె రెండు పెద్ద చెంబులు మేలని కమిటీ వారికి మనవి. క్యాంటీను వెనుక ఎవరో బెండ విత్తి ఉన్నారు. వారెవరో తెలియదు గాని, కాయలు కోసుకొన్న తరువాత డిసెంబరుకు ముందే ఆ మొక్కలను తీసివేయవలసిందిగా కోరుతున్నాను. పొట్టిబంతి నారు సిద్ధంగా ఉంది. మెంతులు, ధనియాలు రెండవ సంవత్సరం విద్యార్థినులు తెస్తామన్నారు. మెంతికూర ఎవరి ఇంటికి వెళ్లాలన్నది ఇంకా తేలలేదు.